లడ్డు నోట్లో తాళాలగుత్తి

నా చిన్నప్పుడు కొండాపూర్‌లో మా ఇల్లంటే ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మెట్ల పక్క గది. నాన్న అక్కడ వాచ్‌మన్. నాయనమ్మ, నేను, లడ్డు అనే ఊరకుక్క ఆయన పరివారం. లడ్డుకు టీకాలు వేయించింది మూడో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అక్క. ఆమె దగ్గర వాడికేమో బిస్కెట్లు, నాకేమో ఎక్కాలు అప్పజెప్పడం. ఇదేం న్యాయమో!

ఒకరోజు పొద్దున నేను జడ వేయించుకుంటుండగా లడ్డు దభీమని పడిపోయాడు. కాళ్లు కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. నేను గొల్లుమన్నాను. నాయనమ్మ "వామ్మో, మూర్ఛ!" అంటూ గేటు తాళాలగుత్తి అందుకుంది. ఇనుము పట్టిస్తే ఫిట్స్ ఆగుతాయని మా వైపు గట్టి నమ్మకం. మనిషికైతే గుప్పిట్లో పెడతారు, కుక్కకు గుప్పిట ఏది? నోట్లో కుక్కింది. దవడలు బిగుసుకుని ఆమె వేలు తెగింది.

లడ్డు లేచేసరికి జనం పోగయ్యారు. పిచ్చికుక్క అన్నారు. అపార్ట్‌మెంట్ పెద్దసారు సాయంత్రంలోగా కుక్కలబండి పిలిపించమని నాన్నకు చెప్పేశారు. ఎలా కరిచిందని అడిగితే నాయనమ్మ తల వంచుకుని "ఊకనే కరిసింది సారూ" అంది. పక్కనే ఉన్న నా వైపు చూడలేదు. పెద్దవాళ్లు కూడా అబద్ధం చెబుతారని నాకు అప్పుడే తెలిసింది. ఆమె మీద చచ్చేంత కోపం వచ్చింది. చెప్పడానికి మాత్రం నాకూ ధైర్యం చాల్లేదు.

అక్క ఆఫీసుకు సెలవు పెట్టింది. ముందు నాయనమ్మకు సూదిమందు వేయించి, అందరినీ ఆటోలో పశువుల దవాఖానకు తీసుకెళ్లింది. అక్కడి డాక్టరమ్మ లడ్డు కళ్లలో లైటు వేసి చూసింది, అటూ ఇటూ నడిపించింది. ఇది మెదడుకు సంబంధించిన ఫిట్స్‌లా ఉందంది. తర్వాత నాయనమ్మ పక్కన కూర్చుని, మెల్లగా, కరిచింది ఎప్పుడని అడిగింది. ఊరికే కరిస్తే ఒక జబ్బు, ఫిట్స్‌లో దవడ బిగిస్తే ఇంకో జబ్బు. నిజం తెలియకపోతే ఏ మందని రాయాలి అంది.

లడ్డు నాయనమ్మ పాదం మీద తల పెట్టి పడుకున్నాడు. ఆమె ఏడ్చేసింది. "నేనే దాని నోట్ల తాళాలు కుక్కిన తల్లీ. నవ్వుతరని చెప్పలే."

డాక్టరమ్మ నవ్వలేదు. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకూడదని, ఎంతసేపు ఉందో గడియారం చూడాలని, మాత్ర రోజూ ఒకే వేళకు వేయాలని చెప్పింది. ఎందుకైనా మంచిది, పిచ్చి లక్షణాలేమైనా కనిపిస్తాయేమో పది రోజులు కట్టేసి గమనించమంది.

ఇంటికి రాగానే నాయనమ్మ నేరుగా పెద్దసారు దగ్గరికి వెళ్లింది. పార్కింగులో పదిమంది ఉన్నారు. కట్టు కట్టిన వేలు చూపిస్తూ, "తప్పు నాది సారూ, పొద్దుగాల అబద్ధం చెప్పిన. నన్ను తిట్టుండ్రి, దాన్ని పంపకుండ్రి" అంది. సారు ఆ వేలి వంక, లడ్డు వంక మార్చి మార్చి చూశారు. చివరికి పది రోజులు చూద్దామన్నారు.

లడ్డు ఆ తర్వాత ఏడేళ్లు బతికాడు. మాత్ర వేసే పని నాయనమ్మ ఇంకెవరికీ ఇవ్వలేదు.

మొన్న నా తప్పుకు మా అమ్మాయిని తిట్టి, తర్వాత దాని స్నేహితుల ముందే "తప్పు నాదే బిడ్డా" అన్నాను. ఆ రెండు ముక్కలు అనేలోపు రెండుసార్లు మాట మార్చాను. ఆ రోజు పార్కింగులో మా నాయనమ్మకు ఎంత కష్టమైందో అప్పుడు తెలిసింది.