తాళంచెవి మార్కు తెర

"...మన కంపెనీ పేరు అడుగున రాస్తే ఎవడికి కనపడుద్దయ్యా? ముందు వరసోళ్ల తలకాయలకు చూపిచ్చుకోనా?"

"క్షయ వార్డు కోసం ఆడే నాటకం ఇది, రామబ్రహ్మంగారూ. మీ బీడీల కోసం కాదు."

"పందిరి నాది, పెట్రోమాక్సు దీపాలు నావి, టిక్కెట్లు అచ్చేయించింది నేను. మీదేందంట మేష్టారూ, నోరా?"

తన ఇంటి ముందు నిచ్చెన మీదున్న అబ్రహాము కుంచె ఆపలేదు. పెళ్లయిన కొత్తలో మాచవరం నుంచి నరసరావుపేట వచ్చినప్పటి నుంచీ అతనిది నాటకాల తెరల మీద బొమ్మలు రాసే పనే. అడవి, కోట, వీధి, ఈ మూడుంటే ఏ నాటకమైనా గట్టెక్కుతుందనేవాడు. ఈసారి ముందు తెర మీద దీపం పట్టుకున్న స్త్రీని రాశాడు. భార్య కృపమ్మ ముఖమే పెట్టాడు, జబ్బు పడకముందరి ముఖం.

కృపమ్మ పదకొండేళ్లు రామబ్రహ్మం కార్ఖానాకు బీడీలు చుట్టింది. ఇప్పుడు దగ్గితే గుడ్డ ఎర్రబడుతోంది. వార్డు కడితే మొదటి మంచం ఆమెకేనని మిషను ఆసుపత్రి డాక్టరమ్మ మాటిచ్చింది.

రామబ్రహ్మం తలెత్తి తెర చూశాడు.

"అబ్రహామూ, ఆ దీపం చెరిపెయ్. మన తాళంచెవి మార్కు బీడీకట్ట పెట్టు చేతిలో. మొదటి మంచానికి మన కంపెనీ పేరుతో ఓ రేకు కూడా రాయి."

నాటకం ఆడిస్తున్న రాఘవయ్య మేష్టారు సరే అన్నట్టు తలూపాడు. పందిరి లేకపోతే నాటకం లేదు. నాటకం లేకపోతే వార్డు లేదు.

జిగురులో కలిపిన రంగు కావడంతో దీపం తడిగుడ్డకే ఊడి వచ్చింది. సాయంత్రానికి దీపమున్న చోట బీడీకట్ట వచ్చింది. పేరు రాసిన రేకు నిచ్చెన పక్కన ఆరుతోంది.

కృపమ్మ గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, తెర ముందు కూర్చుంది.

"ఏందయ్యా, దారం ఒక్క చుట్టేనా? రెండుండాలి. ఇట్టాంటి కట్ట తీసుకుపోతే కార్ఖానా గుమాస్తా మొహాన కొడతాడు."

నవ్వబోయింది, దగ్గు వచ్చింది. అబ్రహాము ఆ దగ్గు ఆగేదాకా ఉండి, నిచ్చెనెక్కి రెండో చుట్టు గీశాడు.

"ఆ రేకేంది?"

"మంచానికి."

"ఎవరి మంచానికి?"

అతను దిగలేదు. "నీదే. తలకాడ కొడతారంట."

కృపమ్మ రేకు దగ్గరికి జరిగి, ఆరని అక్షరాలు కూడబలుక్కుని, 'తాళంచెవి మార్కు బీడీ కంపెనీ' అని చదివింది. చెంగుతో మూతి తుడుచుకుంది.

"తెర కట్టు. ఆటాడనీ. వార్డు కట్టనీ. ఆ మంచం ఇంకెవరికన్నా ఇయ్యమని డాక్టరమ్మతో చెప్పు. నేను ఇంటికాడే ఉంటా."