లక్ష్మణస్వామి రాయి మీద ఏడు పేర్లు

అనకాపల్లిలో సమాధి రాళ్ళు చెక్కే మనిషి ఎవరంటే స్వర్ణకుమారి పేరే చెప్పేవారు. మొదట ఆ పని ఆమె భర్త ఇమ్మాన్యుయేల్‌ది. అతను జ్వరమొచ్చి పోయేసరికి ఆమెకి ముప్ఫై నాలుగేళ్ళు. సమాధికి రాయి ఉంది, చెక్కేవాడు లేడు. అతని ఉలి తీసుకుని అతని పేరు ఆమే చెక్కింది. పదకొండు రోజులు పట్టింది, అక్షరాలు వంకరపోయాయి. ఆ తర్వాత చెక్కినవి మాత్రం అచ్చుపోసినట్టుండేవి. "తెలుగు అచ్చరం గుండ్రం, ఉలి తిన్నన. రెంటికీ రాజీ కుదర్చడమే నా పని" అనేది నవ్వుతూ. చర్చివాళ్ళూ, మసీదు వీధివాళ్ళూ, కొత్త బడి కట్టినవాళ్ళూ అందరూ ఆమె దగ్గరికే వచ్చేవారు.

2004 వేసవిలో త్రినాధరావు వచ్చాడు. బెల్లం వ్యాపారి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ చుట్టుపక్కల పెద్ద నాయకుడిగా వెలిగిన లక్ష్మణస్వామికి మనవడు. కూడలిలో తాత పేరుతో శిలాఫలకం పెట్టిస్తున్నాడు. ఒక కాగితం ఇచ్చాడు. విశాఖపట్నం మీద బాంబులు పడ్డప్పుడు పారిపోయి వచ్చిన వేలమందికి లక్ష్మణస్వామి అన్నం పెట్టాడనీ, ఆయన పిలుపు విని కొండకర్ల యువకులు ఆనందంతో సైన్యంలో చేరారనీ అందులో ఉంది.

ఆమె నల్లరాయి తెప్పించి, సుద్దముక్కతో గీతలు గీసుకుంది. మర్నాడే కొండకర్ల నుంచి తాతబ్బాయి అనే రైతు బస్సు దిగి వచ్చాడు. అరవై దాటిన మనిషి.

"లచ్చనసామి రాయి నువ్వే సెక్కుతన్నావంట గదమ్మా?"

"అవును. కూర్చో బావూ."

కూర్చోలేదు. "మా అయ్య ఆనందంతో ఎళ్ళలేదమ్మా. నానప్పటికి ఉయ్యాల్లో ఉన్నాను. యుద్దానికెల్తే రెండెకరాలు ఇప్పిత్తానని ఆ సామే మాటిచ్చేడు. మా ఊర్నించి పదకొండు మంది ఎళ్ళేరు, నలుగురొచ్చేరు. బూమీ రాలేదు, మా అయ్యా రాలేదు. ఇంక నీ ఇట్టం."

అతను వెళ్ళాక ఆమె ఉలి ముట్టలేదు. వీధి చివర మదీనాబీ ఇంటికి వెళ్ళింది. డెబ్భై ఏళ్ళ మదీనాబీ ఆ బాంబుల నాడు విశాఖ నుంచి నడిచివచ్చిన పిల్లల్లో ఒకతె.

"ఎనిమిదేళ్ళదాన్ని బేటీ," అంది మదీనాబీ. "అమ్మ చంకలో తమ్ముడు. కాళ్ళు బొబ్బలెక్కిపోయేయి. ఆ లక్ష్మణస్వామి గారు తన గిడ్డంగులు తెరిపించేరు. రెండు నెలలపాటు స్వయంగా గరిటె పట్టుకుని మాకు బెల్లం గంజి పోసేరు. ఏ కులం, ఏ మతం అని అడగలేదు. ఆ గంజే లేకపోతే నేను లేను."

"మరి సైన్యం సంగతో?"

మదీనాబీ తల ఊపింది. "అదీ నిజమే. దండలేసి రైలెక్కించడం చూసేను. ఒక పిల్లాడు ఏడుస్తూ ఎక్కేడు."

స్వర్ణకుమారి త్రినాధరావుని పిలిపించింది. "మీ తాతగారి అన్నదానం పెద్దక్షరాలతో చెక్కుతాను బాబూ. ఆ ఆనందం మాట మాత్రం చెక్కలేను. దాని బదులు తిరిగిరాని ఏడుగురి పేర్లు చెక్కనీ."

"మా తాత రాయి మీద వాళ్ళ పేర్లేంటి?" అతని మొహం ఎర్రబడింది. కాగితం లాక్కుని వెళ్ళిపోయాడు. వేరేచోట మెషిన్‌తో పాలరాతి మీద చెక్కించి, మేళతాళాలతో నిలబెట్టాడు. తొమ్మిదో రోజు పొద్దున్నే చూస్తే ఫలకం మూడు ముక్కలై పడుంది.

ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు. తాతబ్బాయి ఆమె దగ్గరికి వచ్చి వెళ్ళాడని విని, త్రినాధరావు అతని పేరు మీద ఫిర్యాదు రాసి స్టేషన్‌కి బయల్దేరాడు. స్వర్ణకుమారి దారిలో అడ్డం నిలబడింది.

"ఒక్క పూట ఆగు. నాతో కొండకర్ల రా. అప్పటికీ నీకు అలాగే అనిపిస్తే నీ ఇష్టం, నేనాపను."

ఎందుకొచ్చాడో గాని వచ్చాడు. బహుశా ఆమె ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు కాబట్టి కావచ్చు. ఆవ అనే పెద్ద చెరువు గట్టు వెంట ఒక్కో ఇంటికీ తిరిగారు. తిరిగిరాని రాములు భార్య ఇంకా బతికే ఉంది. ఎనభై ఏళ్ళు పైబడ్డాయి. త్రినాధరావు చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని చూసింది.

"నువ్వా సామి మనవడివా నాయినా? మా ఆయన ఏ దేశంలో సచ్చిపోనాడో మీ తాత నీకేటైనా సెప్పేడా?"

ఆమె గొంతులో కోపం లేదు. అడిగితే చెబుతాడేమోనని అరవై ఏళ్ళుగా ఎదురుచూసిన మనిషిలా అడిగింది. త్రినాధరావు తల దించుకున్నాడు. "లేదమ్మా" అన్నాడు. తిరుగు బస్సులో చాలాసేపటికి జేబులోంచి ఫిర్యాదు కాగితం తీసి చింపేశాడు. "ఆ పేర్లు చెక్కండి" అన్నాడు.

నలభై రోజులు పట్టింది. ఒకతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఇంట్లోవాళ్ళంతా పోయారు. ఊరు అతన్ని కన్నబాబు అని పిలిచేదట. ఆ ముద్దుపేరే చెక్కింది. ఒత్తులు చెక్కేటప్పుడు రాయి పెచ్చులూడుతుందని ఊపిరి బిగపట్టి కొట్టేది. పైన లక్ష్మణస్వామి పేరు, కింద గంజి కేంద్రం సంగతి, దాని కింద రెండు వరుసలు: "ఆయన మాట నమ్మి యుద్ధానికి వెళ్ళి, తిరిగి రానివారు." ఆ కింద ఏడు పేర్లు, అదే సైజు అక్షరాల్లో. ఆ వాక్యం త్రినాధరావు తనే రాసిచ్చాడు.

ఆవిష్కరణకి పెద్దలెవర్నీ పిలవలేదు. మదీనాబీ, తాతబ్బాయి చెరోవైపు పట్టుకుని గుడ్డ తీశారు. రాములు భార్యకి చదువు రాదు. "మా ఆయన ఏడమ్మా?" అని అడిగింది. స్వర్ణకుమారి ఆమె వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీదుగా నడిపించింది. ముసలమ్మ మళ్ళీ మొదటినుంచి తనంతట తనే తడుముకుంది.

ఆ రాయి మీద ఆ తర్వాత ఎవరూ సుత్తి ఎత్తలేదు. లక్ష్మణస్వామి మంచివాడా, మోసగాడా అన్న వాదన మాత్రం ఆగలేదు. ఆటోల కోసం నిలబడ్డవాళ్ళు ఆ రాయి చదివి, దాని ముందే వాదించుకునేవారు. స్వర్ణకుమారి అటుగా వెళ్తే ఆమెనీ తీర్పు అడిగేవారు.

"రెండూ చదవండి" అని తన దారిన తను పోయేది.