గ్యాస్ కాదు, మల్లేశన్నా!

అది 1997. నేను ఎయిర్ హోస్టెస్‌గా చేరి మూడేళ్లు. మాది పటేల్‌గూడ. నాన్నగారు అక్కడి పెద్ద కర్మాగారంలో ఉద్యోగానికి గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిపోయారు. ఆ రోజు బేగంపేట నుంచి ఢిల్లీ వెళ్లే పొద్దుటి విమానంలో వెనక సగం నా బాధ్యత.

పద్దెనిమిదో వరుసలో మల్లేశం, ఆయన భార్య సత్తెమ్మ కూర్చున్నారు. బొంతపల్లి వాళ్లు. విమానం ఎక్కడం ఇద్దరికీ అదే మొదలు. మల్లేశం ఊరి దగ్గరి మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ కమిటీ మనిషి. ఆయన పనితీరు మెచ్చి, ఢిల్లీలో ఏదో సభకు కంపెనీవాళ్లు ఆలుమగలిద్దరినీ పంపుతున్నారు. కూర్చోగానే నన్ను పిలిచి, పేరూ ఊరూ చెప్పి, "మేడం, బయటికి పోయే తోవలెన్ని?" అని అడిగాడు. చూపించాను. సత్తెమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంట్ల గూడ గిదే లొల్లమ్మా. పొయ్యి కాడ బకెట్ల ఇసుక వెట్టిచ్చిండు."

టిఫిన్ ట్రాలీ వాళ్ల వరుస దాటించానో లేదో, ధన్‌మని చప్పుడు. చెవులు దిబ్బడ వేశాయి. మరుక్షణం ఎముకలు కొరికే చలి. ముప్పై మూడు వేల అడుగుల పైన గాలి బాగా పలచన. అందుకే విమానం లోపల గాలిని ఒత్తి నింపుతారు. దాన్నే కేబిన్ ప్రెషర్ అంటాం. అది పోతే మనిషికి తెలివి ఉండేది అర నిమిషం, మహా అయితే నిమిషం. లోపలి తేమంతా ఒక్కసారిగా తెల్లటి పొగమంచైపోయింది. పైనుంచి పసుపు రంగు మాస్కులు జలజలా రాలి వేలాడాయి. విమానం ముక్కు కిందికి దించింది.

అలాంటప్పుడు మేం ఎక్కడుంటే అక్కడే కూలబడి ముందు మా మాస్కు పెట్టుకోవాలి. రూలు అది. ట్రాలీ బ్రేకు తొక్కి, మల్లేశం వాళ్లకు నడవా అవతలి ఖాళీ సీట్లో పడ్డాను. మాస్కు లాగి పెట్టుకున్నాను. తల తిప్పి వాళ్ల వైపు చూశాను.

మల్లేశం గ్లాసులో నీళ్లు దస్తీ మీద గుమ్మరించి, ఆ తడి గుడ్డను సత్తెమ్మ ముక్కుకు అదిమి పట్టాడు. రెండో చేత్తో ఆమె మెడ వంచి తల మోకాళ్లలో పెట్టించాడు. తను తువ్వాలు ముక్కుకు చుట్టుకున్నాడు. "గ్యాస్ లీకైంది! ఊపిరి గట్టిగ వీల్చకు! కిందికి వంగు!" ఎదురుగా ఊగుతున్న మాస్కును ఆమె అందుకోబోతే చెయ్యి పక్కకు కొట్టాడు. "ముట్టకు! అండ్లకెల్లే వస్తున్నది!"

అతని తప్పేముంది? తెల్లటి పొగ కమ్మింది. మాస్కుల పైన ఉండే ఆక్సిజన్ జనరేటర్లు వేడెక్కి కాలిన వాసన కూడా కొడతాయి. మందుల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి నేర్చుకున్నదీ, పదిమందికి నేర్పిందీ అదే. పొగ కనబడితే తడి గుడ్డ, వంగడం. ఒక్క పొరపాటూ లేకుండా చేస్తున్నాడు. అలా చేస్తూనే పెళ్లాన్ని చంపేసేలా ఉన్నాడు.

నా మాస్కు ఎత్తి "పుల్ ద మాస్క్!" అని అరిచాను. వినలేదు. హిందీలో అరిచాను. లాభం లేదు. మాస్కు పెట్టుకుని ఒక ఊపిరి లాక్కుని, మళ్లీ ఎత్తి "గ్యాస్ కాదు మల్లేశన్నా! ఆ గుడ్డ తీసెయ్!" అన్నాను. నా వైపు జాలిగా చూశాడు. ఈ పిల్లకేం తెలుసన్నట్టు! సత్తెమ్మ వేళ్లు నల్లబడుతున్నాయి. చెయ్యి ముందు సీటు మీంచి జారిపోయింది. లేచి వెళ్దామంటే నా మాస్కు తాడు అంత దూరం రాదు. దేవుడా, నా కళ్ల ముందే పోతుందా ఈమె?

ఎలా తట్టిందో తెలియదు. ఫ్యాక్టరీ ట్యాంకు కడగడానికి దిగి, లోపల గాలాడక చనిపోయినవాళ్ల గురించి నాన్నగారు ఇంట్లో చెబుతుండేవారు.

"అన్నా, ట్యాంకు! ట్యాంకుల ఉన్నం! గాలి లేదు!"

మనిషి ఉలిక్కిపడ్డాడు. ట్యాంకులో తడి గుడ్డ దేనికీ పనికిరాదని అతనికి నాకంటే బాగా తెలుసు. దస్తీ విసిరికొట్టాడు.

"మాస్కు గుంజు! ముందుగాల నీది!" అని అరిచాను.

నిజానికి ఆ మాట అతనికి చెప్పనే అక్కర్లేదు. మాస్కు లేకుండా ట్యాంకులో ఒకరిని కాపాడబోయినవాడు తనూ పోతాడు. తన మాస్కు గుంజి పెట్టుకున్నాడు. తర్వాత సత్తెమ్మ తల ఎత్తి ఆమెకు తొడిగాడు. ఆమె కళ్లు తెరిచేదాకా నేను ఊపిరి పీల్చానో లేదో గుర్తులేదు.

మాస్కు లేకుండా ఊపిరాడే పది వేల అడుగులకు దిగాక మాస్కులు తీశాం. నాగ్‌పూర్‌లో దించారు. డాక్టరు చూసి ఫర్వాలేదన్నాక సత్తెమ్మ మొగుడి వైపు తిరిగింది. "నీ సేఫ్టీ పాడుగాను, నా పానం తీస్తుంటివి గదయ్యా!" మల్లేశం నవ్వలేదు. రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. కాసేపటికి నాతో, "చెల్లె, పొద్దుగాల నువ్వు ముంగట నిలవడి గా మాస్కు వట్టుకొని ఏందో చేసి చూపిస్తివి. ఇంగిలీషు, హిందీ. గా ముక్క జెర తెలుగుల చెప్తే ఏంబోతుండె?" అన్నాడు.

కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

భయంలో ఉన్న మనిషికి కొత్త పాఠం ఎక్కదని, అతని పనిలోని మాటే చెవికి అందుతుందని ఆ రోజు తెలిసింది. సాయంత్రం రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. అందరూ రాసే వాక్యమే నా చేతికీ వచ్చింది: "పద్దెనిమిదో వరుస ప్రయాణికుడు సూచనలు పాటించలేదు." కొట్టేశాను. దాని కింద రాశాను: "అతనికి అర్థమయ్యేలా నేను చెప్పలేదు."