రేపుగారి ఇంట్లో డ్యూటీ చార్టు

మా ఆయన్ని ఊళ్లో సగం మంది ‘రేపుగారు’ అనేవాళ్లు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, ఆయన సంగతి బాగా తెలిసినవాళ్లే పెట్టుంటారు. ఇళ్లకి తోటలు వేసే కాంట్రాక్టు ఆయనది. నేల చదును చేసి, లాన్ పరిచి, రాళ్ల బాట వేసి, మొక్కలు నాటి అప్పజెప్పాలి. పనిలో చెయ్యి తిరిగిన మనిషి. పిడికెడు మట్టి నలిపి చూసి, అందులో ఏ మొక్క బతుకుతుందో ఏది చస్తుందో చెప్పేస్తారు. ఉన్న లోపమల్లా ఒకటే. ఎదుటి మనిషి మొహం చూస్తూ ‘కాదు’ అనలేరు. “ఎప్పుడు మొదలెడతారండీ?” అంటే “రేపు” అనేవారు. “ఎప్పటికి పూర్తవుతుంది?” అన్నా రేపే.

అందుకని ఇంట్లో ఫోను మోగితే నేనే తీసి “స్నానం చేస్తున్నారండీ” అనేదాన్ని. రోజుకి ఏడెనిమిది సార్లు అనాల్సి వచ్చేది. కళ్ల డాక్టరమ్మ ఒకసారి “మీవారి ఒళ్లు అరిగిపోతుందేమో, కాస్త చూసుకోమ్మా” అంది కూడా. మూడు నెలలుగా ఆవిడ ఇంటి ముందు నేల తవ్వి వదిలేసి ఉంది మరి.

ఆ రోజుల్లోనే మా అమ్మ ఓ పదిరోజులు ఉండి వెళ్దామని వచ్చింది. అమ్మ బస్సు డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేసింది. ఏ డ్రైవరు ఏ బస్సుని ఎన్ని గంటలకి తీసుకెళ్లాలో చార్టు రాసే ఉద్యోగం. ఎంత పెద్ద మీసాలవాడైనా సెలవు కావాలంటూ వస్తే, కళ్లద్దాల పైనుంచి ఒక్క చూపు చూసేదట. ఆ చూపుకే వెళ్లి బస్సెక్కేసేవాడట. అలాంటి మనిషి రిటైరైన ఆర్నెల్లకే డీలా పడిపోయింది. అడిగితే మోకాళ్ల నొప్పులనేది. డాక్టరు మాత్రం మోకాళ్లు నిక్షేపంలా ఉన్నాయన్నాడు.

వచ్చిన మూడోరోజు పొద్దున్న ఫోను మోగింది. నేను పొయ్యి దగ్గరున్నాను. అమ్మ తీసింది.

“ఆయన ఉన్నారాండీ?”

“ఉన్నారు. నా ఎదురుగానే కూర్చుని కాఫీ తాగుతున్నారు” అంది అమ్మ.

మా ఆయనకి పొలమారింది. ఫోను చేసినావిడ డాక్టరమ్మ. పావుగంట ఆవిడ చెబుతూనే ఉంది, అమ్మ వింటూనే ఉంది. ఫోను పెట్టేశాక అమ్మ నావైపు తిరిగింది. అల్లుడితో నేరుగా మాట్లాడ్డం అమ్మకి మొహమాటం. ఏదున్నా నా ద్వారానే.

“అమ్మాయీ, మొత్తం ఎన్ని ఇళ్లు తవ్వి పెట్టారో అడుగు.”

“అయిదు” అన్నారాయన, నాతోనే.

“జట్లెన్నో అడుగు.”

“ఒకటే. నలుగురు మనుషులు.”

అమ్మ కళ్లద్దాలు తీసేసింది. “అయిదు బస్సులకి ఒక్క డ్రైవరా!” అంది, నేరుగా ఆయన మొహంలోకి చూస్తూ. ఆ క్షణంతో మొహమాటం కాస్తా పోయింది. మళ్లీ ఇంతవరకూ రాలేదు.

ఆ పూటంతా కూపీ లాగింది. తేలిందేమిటంటే, మా ఆయన ఎస్టిమేటు ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు. పెరట్లో నిలబడి, కంటితోనే కొలిచి, నోటికొచ్చిన అంకె చెప్పేవారు. ఆ తర్వాత ఇంటివాళ్లు “ఆ మూల కూడా ఓ నాలుగు రాళ్లు” అంటే తల ఊపేవారు.

“డాక్టరమ్మగారింట్లో ఇరవై అడుగుల బాట అనుకున్నాం అత్తయ్యా. ఇప్పుడది డెబ్భై అడుగులైంది. ఇంటిచుట్టూ తిరిగి వంటింటి గుమ్మం దాకా వెళ్లింది.”

“దారిలో ఎక్కడైనా ఆపలేకపోయారా?”

“ఎంతో ఆప్యాయంగా అడిగారావిడ.”

అలా చాలని డబ్బుని కొత్త ఇంటివాళ్లిచ్చిన అడ్వాన్సుతో పూడ్చడం. ఆ కొత్త ఇంటి పని ఆగిపోతే దానికోసం ఇంకో ఇల్లు ఒప్పుకోవడం. మా ఆయన మోసగాడు కాదు, ఒక్క పైసా ఇంటికి తెచ్చుకున్నదీ లేదు. కానీ ఆ అయిదిళ్లవాళ్లకి ఆ మాట ఎవరు చెబుతారు?

“ఈ బస్సులో డీజిలు తీసి ఆ బస్సులో పోస్తున్నారు బాబూ” అంది అమ్మ, మెల్లిగానే. “ఏదో ఒకరోజు అన్నీ ఆగిపోతాయి.”

మర్నాడు హాల్లో గోడకి ఇంత పెద్ద అట్టకాగితం అంటించింది. పైన తారీఖులు, పక్కన ఇళ్లు. ఇకమీదట టేపు పట్టి కొలవకుండా ధర చెప్పకూడదంది. మట్టి ఎంత, రాయి ఎంత, గడ్డి ఎన్ని అడుగులు, కూలి ఎంత, అన్నీ కాగితం మీద రాసివ్వాలి. అందులో లేనిది అడిగితే దానికి వేరే కాగితం. మూడోవంతు అడ్వాన్సు వచ్చేదాకా తారీఖు పెన్సిలుతోనే ఉంటుంది, వచ్చాకే తను పెన్నుతో దిద్దుతుంది. ఏ ఇంటి అడ్వాన్సు ఆ ఇంటి రాయికీ మట్టికే. ఇవన్నీ చెబుతూనే, ప్రతి పదిరోజుల్లోనూ రెండేసి గళ్లు ఖాళీగా వదిలేసింది.

“ఆ రెండ్రోజులూ జట్టు ఊరికే కూర్చోవాలా?” అన్నారు మా ఆయన.

“వాన పడితేనో, రాళ్ల లారీ రాకపోతేనో? డిపోలో మేం ఎప్పుడూ ఒక బస్సు ఖాళీగా నిలబెట్టేవాళ్లం. కొత్తగా వచ్చిన ఆఫీసరు దండగన్నాడు. వారం తిరక్కుండా ఆయనెక్కిన బస్సే నడిరోడ్డు మీద చెడింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.”

అయిదిళ్లకీ వరసగా తారీఖులు వేసేసింది. డాక్టరమ్మ ఇల్లు పధ్నాలుగు, సోమవారం. ఆరోజు చెత్తా ఇటుకముక్కలూ తియ్యడం, మంగళవారం కొత్తమట్టి, బుధవారం రాళ్లు, గురువారం గడ్డి, శుక్రవారం మొక్కలు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మా ఆయన చార్టు ముందు చాలాసేపు నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. వెళ్లి మొహం కడుక్కుని మళ్లీ వచ్చి నిలబడ్డారు.

“అత్తయ్యా, బుధవారం రాళ్లు వెయ్యను.”

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మా పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన నోట అలాంటి మాట వినడం అదే మొదలు. అదీ వెళ్లి వెళ్లి అత్తగారితో!

“ఎందుకు వెయ్యరు?” అంది అమ్మ.

“కొత్తమట్టి కూర్చోవాలి. నీళ్లు పెట్టి అయిదు రోజులు వదిలెయ్యాలి. ఈలోగా రాళ్లు పరిస్తే నెల తిరక్కుండా ఊగుతాయి. ఎవరో ఒకరు కాలు జారి పడతారు. కుదరదంటే కుదరదు.”

అమ్మ “మళ్లీ చెప్పండి” అంది.

“అదే... మట్టి కాస్త కూర్చోవాలేమోనని...”

“అలా కాదు. ఇందాక అన్నట్టు.”

“కుదరదంటే కుదరదు!” అన్నారు గట్టిగా.

అమ్మ మొహం విచ్చుకుంది. డిపో వదిలాక ఆ మొహం నేను చూసింది అప్పుడే. “ఇదిగో, ఈ గొంతే. మట్టి గురించైతే వస్తోందిగా? తారీఖూ మట్టిలాంటిదే అనుకోండి. ఇదే గొంతుతో ఆ అయిదిళ్లకీ ఫోను చెయ్యండి” అని, రబ్బరు తీసుకుని బుధవారం గడి తుడిచేసింది.

ఇద్దరూ కూర్చుని చార్టంతా మళ్లీ రాశారు. డాక్టరమ్మ ఇంట్లో మట్టి కూర్చునే అయిదు రోజులూ జట్టు ఆ అయిదిళ్లలోనే ఇంకొకటైన టైలరుగారి పెరట్లో గట్టు కడుతుంది. ఆ గట్టు ఆరేలోగా ఇటు తిరిగొస్తుంది. ఆ లెక్క కుదిరాక అమ్మ సంబరపడిపోయింది. “మట్టికి కూడా వీక్లీ ఆఫ్ ఉంటుందని నాకేం తెలుసు!” అంది.

ఫోన్లు మాత్రం అంత సులువుగా జరగలేదు. మొదటిది డాక్టరమ్మకే.

“పధ్నాలుగున మొదలెట్టి ఇరవై ఆరుకి అప్పజెబుతానండీ.”

“ఏ సంవత్సరం?” అందావిడ.

ఆయన నవ్వలేదు. అన్నీ వివరంగా చెప్పారు, బాట విషయంలో తను లెక్క తప్పానని కూడా ఒప్పుకున్నారు. ఆవిడ “ఈ మాట మూడు నెలల క్రితమే చెప్పుంటే నేను ఆ గోతిని తిట్టుకుంటూ ఉండేదాన్ని కాదుగా?” అని, “సరే, పధ్నాలుగు” అంది. మరో ముగ్గురు సణిగి ఒప్పుకున్నారు. అయిదోవాడు మాత్రం అడ్వాన్సు వెనక్కిచ్చెయ్యమన్నాడు. తిట్టాడు కూడా. మా ఆయన పడ్డారు, పడాల్సిందే. చిన్న ట్రక్కు కొనాలని అంతకుముందెప్పుడో దాచుకున్న డబ్బు అలా అతనికి వెనక్కివ్వడానికీ, పాత ఇళ్లకి తగ్గిన రాళ్లకీ పోయింది. ఆ నెల నేను కొత్త కర్టెన్ల ఊసెత్తలేదు.

పదో తారీఖు గురువారం మా గేటు ముందు కారాగింది. దిగింది కొత్తగా హోటలు కట్టినాయన. చేతిలో లావుపాటి కవరు.

“ఇరవైన నా హోటలు తెరుస్తున్నాను. ముందు భాగమంతా పచ్చగా కనపడాలి. సోమవారం మొదలెట్టండి. అడ్వాన్సు కాదు, మొత్తం ఇప్పుడే ఇచ్చేస్తా” అని కవరు బల్లమీద పెట్టాడు.

అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది. కర్టెన్లే కాదు, ట్రక్కు కూడా కళ్లముందు తిరిగింది. మా ఆయన అమ్మవైపు చూశారు. అమ్మ లేచి, “మోకాళ్లు లాగుతున్నాయమ్మా, కాస్త నడుం వాలుస్తా” అని గదిలోకి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

ఆయన కవరు వంక చూశారు, చార్టు వంక చూశారు.

“సోమవారం డాక్టరమ్మగారిదండీ.”

“ఆవిడకి ఏదో ఒకటి చెప్పండి. రేపనండి!”

“మూడు నెలలుగా అదే చెప్పానండీ. ఇంక కుదరదు.” ఆ గొంతే. “మీ పునాది తవ్వేటప్పుడు అటుగా పోతూ చూశాను. అడుగు లోతున అన్నీ ఇటుకముక్కలే. వాటిమీదే గడ్డి పరిస్తే ఇరవైన పచ్చగా ఉంటుంది, నెల తిరిగేసరికి ఎండుగడ్డి అవుతుంది. మీరు ఆరోజుకి పూలకుండీలు అద్దెకి తెచ్చుకోండి, నర్సరీ నంబరిస్తాను. లాన్ వచ్చేనెల అయిదున మొదలెడతాను. మూడోవంతు చాలు, మిగతాది మీ దగ్గరే ఉంచుకోండి.”

“డబ్బొద్దనే కాంట్రాక్టర్ని ఇప్పుడే చూస్తున్నా” అని ఆయన కవరు తీసుకుని వెళ్లిపోయాడు. కారు తలుపు చప్పుడు వీధి చివరికి వినిపించింది. మా ఆయన రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగారు.

అమ్మ బయటికొచ్చింది. “వెళ్లిపోయాడా?”

“పోగొట్టేశానత్తయ్యా.”

“శుభ్రంగా పోగొట్టారు. కూర్చోండి, కాఫీ నేను పెడతా” అంది.

డాక్టరమ్మ తోట అనుకున్నదానికంటే ఒకరోజు ముందే పూర్తయింది. మధ్యలో ఓ వాన పడినా, ఖాళీ గడి ఒకటి దాన్ని మింగేసింది. ఆవిడ చెప్పులు విప్పేసి బాటంతా నడిచింది, వంటింటి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఒక్క రాయీ కదల్లేదు. “ఇక్కడ ఓ చిన్న నీళ్లతొట్టి ఉంటే...” అంది ఎంతో ఆప్యాయంగా. మా ఆయన అంతే ఆప్యాయంగా జేబులోంచి టేపు తీసి కొలిచి, “సాయంత్రానికి కాగితం పంపిస్తానండీ” అన్నారు.

హోటలాయన ఇరవైరోజులకి ఫోను చేశాడు. కుండీలు బాగానే అక్కరకొచ్చాయట. ఇంకో కాంట్రాక్టర్ని పిలిస్తే అతనూ ఇటుకముక్కల సంగతే చెప్పాడట. “మీ అయిదో తారీఖు ఇంకా ఉందా?” అన్నాడు.

“పెన్సిలుతో ఉందండీ” అన్నారు మా ఆయన. మర్నాడే అడ్వాన్సు వచ్చింది. అమ్మ పెన్ను తీసింది.

పదిరోజులకని వచ్చిన అమ్మ రెండేళ్లుగా ఇక్కడే ఉంది. మొదటి నెల తిరిగేసరికి జీతం అడిగింది. నేను నోరెళ్లబెడితే, “ఊరికే చేస్తే చాకిరీ, జీతమిస్తే ఉద్యోగం” అంది. గురువారం సెలవు. ఆరోజు చార్టు వంక చూడదు, ఎవరేమడిగినా పలకదు. మిగతా రోజుల్లో టేపు ఒక చివర తను పట్టుకుని పెరళ్లన్నీ తిరుగుతుంది.

ఈమధ్యే రెండో జట్టు పెట్టాం. దాని మేస్త్రీగా రాళ్లపని తెలిసిన ఒకావిడ వచ్చింది. అమ్మ ఆవిణ్ణి ఒక్కటే అడిగింది, పనికి ఎన్నింటికి వస్తావని. ఎనిమిదికందావిడ. మర్నాడు ఏడూ ముప్పావుకి నేను గేటు తీస్తే ఇద్దరూ అక్కడే ఉన్నారు, మేస్త్రీ లోపలికి రాబోతూ, మా అమ్మ బయటికి వెళ్లబోతూ. ఒకళ్ల గడియారం ఒకళ్లు చూసుకుని, ఒక్కసారే నవ్వారు.