భాయ్ వచ్చేదాకా కుర్చీ

సైన్యం ఉపగ్రహాలకు నేల మీది నుంచి ఆదేశాలు పంపే కేంద్రంలో చేరినప్పుడు నాకు నేర్పిన మొదటి పాఠం యంత్రాల గురించి కాదు, కుర్చీ గురించి. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి కుర్చీ వీపు మీద చెయ్యేసి "నేనున్న" అనేదాకా కూర్చున్నవాళ్లు లేవకూడదు. షిఫ్టు దాటిపోయినా, ఇంట్లో పెళ్లి ఉన్నా అంతే. ఉపగ్రహం మన ఆకాశంలో ఉండేది కొద్ది నిమిషాలు. చెప్పాల్సింది ఆలోపే చెప్పాలి.

నా తర్వాత మధ్యాహ్నం షిఫ్టుకు ఆ కుర్చీలో కూర్చునేది బహదూర్‌పురాలో ఉండే భాయ్. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు ఆయన బదులు నేనుండేదాన్ని. ఆదివారాలు ఆయనకు సెలవు కనుక ఆయన షిఫ్టు కూడా నేనే చేయాలి; బోనాల ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆ సెలవు వదులుకుని నా కోసం ఆయన వచ్చేవాడు. నేను శాలిబండ గుడికి పోయి అమ్మవారికి బోనం ఎత్తుకోవాలి కదా! పై అధికారి సంతకంతోనే, ఏళ్ల తరబడి ఇలా సాగింది.

తర్వాత ఆధునికీకరణ అన్నారు. ఎక్కడెక్కడి కేంద్రాలనో ఒకే నెట్‌వర్క్‌లో కలిపారు. ఏ డిష్ ఏ ఉపగ్రహంతో మాట్లాడాలో వేరే ఊళ్లోని కంప్యూటర్ చెబుతుంది. కొత్తదంటే నాకు గిట్టదనుకోకండి. పాత డిష్‌కు గ్రీజు పెట్టి పెట్టి ఎన్ని చీరలు పాడుచేసుకున్నానో నాకు తెలుసు. అది పోయినందుకు నేనేం ఏడవలేదు. కానీ తెర తెరుచుకోవడానికి మేము గీసే కార్డులకు షిఫ్టు టైము ముడిపెట్టారు. టైము కాగానే తెర ఆరిపోతుంది, తర్వాతి మనిషి వచ్చాడా లేదా అన్నది దానికి అక్కర్లేదు. ఇది కొంప ముంచుతుందని మీటింగులో నేను, భాయ్ ఇద్దరం చెబితే నవ్వారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

పోయిన బోనాలప్పుడు భాయ్ గేటు దగ్గరి ఫోనుకు ఫోన్ చేశాడు. సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వరు కనుక కాపలావాళ్లు ఆ ఫోను నాకు కలిపారు.

"చెల్లె, బోనాల జులూస్ అని రోడ్లన్నీ బంద్ చేసిన్రు. ఆటో దిగి గౌలిపుర గల్లీలకెళ్లి నడుసుకుంట వస్తున్న. జర కూసో."

"నిమ్మలంగ రా భాయ్. నువ్వొచ్చేదాంక నేను లేస్తనా?"

లేవలేదు. ఉపగ్రహం అప్పుడే మా ఆకాశంలోకి వచ్చింది. దాని దారి కాస్త సరిచేయాలి. ఆదేశం సిద్ధం చేసి పంపబోతుండగా తెర ఆరిపోయింది. కార్డు ఎన్నిసార్లు గీసినా లాభం లేదు. నెట్‌వర్క్ కేంద్రానికి ఫోన్ చేశాను.

"మేడమ్, మీ షిఫ్ట్ అయిపోయింది కదా. తర్వాతి కార్డు పడలేదని సిస్టమ్ ఈ శాటిలైట్‌ని ఇంకో స్టేషన్‌కి ఇచ్చేసింది."

"ఆ స్టేషన్‌ల ఇంకా డిష్షే బిగియ్యలేదు సార్!"

"సిస్టమ్‌లో అయితే ఉంది మేడమ్."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ఆరిన తెర ముందు నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను. ఉపగ్రహం మా ఆకాశం దాటిపోయింది. అప్పుడొచ్చాడు భాయ్, చొక్కా చెమటకు తడిసి, భుజం మీద ఎవరో చల్లిన పసుపునీళ్ల మరకతో. కుర్చీ మీద చెయ్యేసి "నేనున్న" అన్నాడు. ఆ మాట వింటే కోపంతో నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి సారి వచ్చినప్పుడు ఉపగ్రహానికి ఆదేశం అందింది. దానికేం కాలేదు. దెబ్బ తగిలింది భాయ్‌కి. విచారణలో తప్పంతా ఆయన ఆలస్యానిదే అన్నారు. లేని డిష్‌ను ఉన్నట్టు కంప్యూటర్‌కెక్కించిన వాళ్ల ఊసే లేదు. నేను ఉండబట్టలేక అరిచాను.

"ఆయనకు ఆ రోజు సెలవు సార్! నా పండుగ కోసం వచ్చిండు!"

"అయితే సెలవులోనే ఉండాల్సింది," అన్నాడు పెద్ద అధికారి, నీళ్లు తాగుతూ. ఆ గ్లాసు లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

భాయ్‌ని గేటు దగ్గర పాసులు చూసే బల్లకు మార్చారు. షిఫ్టు అయ్యాక అనుమతి లేకుండా కుర్చీలో కూర్చున్నందుకు నాకు మెమో ఇచ్చారు. ఆయన చేసిన మధ్యాహ్నం షిఫ్టునే ఎత్తేసి కంప్యూటర్‌కు అప్పగించారు.

రోజూ ఇంటికి పోయేటప్పుడు భాయ్ నా పాసు చూడాలి. ఆయన పాసు వంక చూడడు, నా మొహం చూస్తాడు.

"కుర్చీ ఎవరికి అప్పజెప్పినవ్, చెల్లె?"

"ఎవ్వలకు అప్పజెప్పలే భాయ్."