ముసలమ్మకు తిరిగిచ్చిన పళ్లెం

మా ఆయన గుండె ఆపరేషన్ తర్వాత మేమిద్దరం తీరిగ్గా చేసిన తొలి ప్రయాణం అది. అజ్మాన్ నుంచి అల్ ఐన్ వెళ్లి, కొండ కింద వేడినీటి ఊటల దగ్గర, చిన్న సరస్సు ఒడ్డున చాప పరిచాం. ఆయన నా భుజం పట్టుకుని నడవడం చూసిందేమో, పక్కన కూర్చున్న అరబ్బు ముసలమ్మ పళ్లెం నిండా ఖర్జూరాలు తెచ్చిచ్చింది.

ఖాళీ పళ్లెం తిరిగివ్వడం మా ఇంటా వంటా లేదు. పులిహోర పెట్టిచ్చాను. వాళ్లకూ అదే పద్ధతి కాబోలు, అందులోనే హల్వా తెచ్చింది. జంతికలు పెట్టిచ్చాను. పుచ్చకాయ ముక్కలు వచ్చాయి. ఇక నా సంచీలో ఏమీ మిగల్లేదు.

"ఎంతసేపే ఈ పోటీ? ఖలాస్, నేనిచ్చొస్తా" అంటూ ఆయన కడిగిన పళ్లెం పట్టుకుని ఒక్కరే బయల్దేరారు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

"ఖాళీగా ఇస్తున్నా, ఏమనుకోకమ్మా" అన్నారు హిందీలో.

ఆవిడా హిందీలోనే అంది: "ఖాళీ ఎక్కడ నాయనా? నీ అంతట నువ్వే నడిచొచ్చావుగా!"