టీసీలో రాసిన కారణం

ఆ వాక్యం రాయమని నాకెవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఒకే ఒక్క మనిషికి తెలుసు. ఆమెకు కూడా నేను చెప్పి తెలియలేదు.

అది 2003. బెంగళూరులో బొమ్మనహళ్ళి వైపు ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఆఫీస్ అసిస్టెంట్‌గా చేరి ఏడాది దాటింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీలు, టీసీలు నా పని. మనుషులతో మాట్లాడటం కంటే గడులు నింపడమే నాకు హాయి. మధ్యాహ్నం అన్నం తిని సొరుగులోంచి నవల తీసేదాన్ని. సాయంత్రం ఇంటికి వెళ్ళి డైరీ రాసుకునేదాన్ని. పగలు నోట రాని మాటలన్నీ అందులోకి వెళ్ళేవి.

టీసీ అంటే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. అది లేనిదే పిల్లల్ని ఇంకో స్కూల్లో చేర్చుకోరు. టీసీ పుస్తకంలో ప్రతి ఆకు మీదా నంబరు అచ్చువేసి ఉంటుంది. కార్బన్ పెట్టి రాస్తాం కాబట్టి రెండో ప్రతి పుస్తకంలోనే ఉండిపోతుంది. తప్పు పడితే చింపడానికి లేదు. అడ్డంగా ‘క్యాన్సిల్డ్’ అని రాసి హెడ్మిస్ట్రెస్ సంతకం చేయాలి. ఫారం చివర్లో ‘స్కూలు విడిచే కారణం’ అని ఒక గడి ఉంటుంది. అక్కడ నేను రాసేవి మూడే: తండ్రికి బదిలీ, ఇల్లు మార్పు, తల్లిదండ్రుల కోరిక. ఎవరి కథైనా ఆ మూడింటిలో ఒకదాంట్లో సర్దుకునేది.

ఆగస్టులో ఒక పొద్దున ఇబెంచా గారు నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు. ఆమె మణిపూర్ నుంచి వచ్చి ఇక్కడ ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నారు. కూతురు లింథోయి జూన్‌లోనే మా ఐదో తరగతిలో చేరింది. ఇంట్లో వాళ్ళిద్దరే. ఆమె హిందీ మాట్లాడేవారు, నాది వచ్చీరాని హిందీ.

“టీసీ కావాలి.”

“ఇల్లు మారుతున్నారా?”

“లేదు. పాపను ఇంఫాల్ పంపిస్తున్నాను, మా అమ్మ దగ్గరికి. నేను ఇక్కడే ఉంటాను. ఉద్యోగం ఉంది కదా.”

“కారణం ఏమని రాయాలి?”

“ఇల్లు మార్పు అనే రాయండి. అందరికీ సులువు.”

మామూలుగా అయితే అలాగే రాసేసేదాన్ని. ఎందుకో “పాప బాగానే ఉందా?” అని అడిగాను. ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

లింథోయి టిఫిన్ బాక్సు మూత తీయగానే క్లాసులో నలుగురైదుగురు కుక్కల్లా మొరుగుతారట. మీవాళ్ళు కుక్కల్ని తింటారంట కదా అని నవ్వుతారట. వ్యాన్‌లో కళ్ళ కొసలు వేళ్ళతో లాగి చూపిస్తారట. క్లాస్ టీచర్ షీలా మిస్‌కి చెబితే, “పిల్లలు కదా, ఆడుకుంటారు. మీ పాపే కొంచెం కలిసిపోవాలి” అన్నారట. అప్పటినుంచి ఆ పిల్ల వాసన రాని బ్రెడ్డు మాత్రమే తెచ్చుకుంటోంది.

“నిన్న నా బ్యాగులోంచి ప్లాస్టర్ తీసుకుంది,” అన్నారామె. “దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. చూస్తే అద్దం ముందు నిలబడి కనురెప్పలు పైకి లాగి అంటించుకుంటోంది.”

టీసీ కోసం మర్నాడు మధ్యాహ్నం రమ్మని పంపించేశాను.

నాకు గుచ్చుకున్నది వేరే సంగతి. ఐదో తరగతి నా గదికి రెండు గదుల అవతలే. రోజూ లంచ్ గంట కొట్టాక ఆ మొరుగుడు నా కిటికీలోకి వినిపిస్తూనే ఉండేది. ఏదో ఆట అనుకుని పేజీ తిప్పేదాన్ని.

ఆ సాయంత్రం డైరీలో ఒక వాక్యం రాశాను. మర్నాడు పొద్దున అదే వాక్యాన్ని ఇంగ్లీషులో, ఇంకు పెన్నుతో, కార్బన్ పెట్టి కారణం గడిలో రాశాను: తోటి పిల్లలు కుక్కల్లా మొరిగి రోజూ అవమానిస్తున్నారు, చెప్పినా టీచర్ ఆపలేదు. గడి సరిపోక చివరి రెండు మాటలు గీత దాటాయి.

హెడ్మిస్ట్రెస్ సరోజమ్మ గారిది కూడా మా ఇంటిలాగే పాత బెంగళూరు తెలుగు. పదకొండింటికి సంతకాలు చేస్తూ ఆ ఆకు దగ్గర ఆగిపోయారు.

“ఏమ్మా ఇది? ఆయమ్మే ఇట్లా రాయమనిందా?”

తలూపాను.

“ఇది ఏ స్కూలుకు పోయినా మన పేరే కదా పొయ్యేది! ఇంకో ఆకులో రాసి తీసుకురా.”

“నంబరు వేసిన ఆకు మేడమ్. క్యాన్సిల్ చేసినా కార్బన్ కాపీలో అట్లే ఉంటాది. ఇన్‌స్పెక్షన్‌లో చూస్తారు.”

ఆవిడతో నేను అంత పొడుగు మాట అనడం అదే మొదలు. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. భయపడ్డారో, నొచ్చుకున్నారో ఇప్పటికీ చెప్పలేను. “నిజమేనా ఇది?” అన్నారు.

“నిజమే మేడమ్.”

“లంచ్ బెల్ కొట్టినాక పోదాం పద.”

మేం వరండాలో నిలబడ్డాం. గంట కొట్టింది. బాక్సులు తెరుచుకున్నాయి. మొదట ఒక గొంతు, తర్వాత మూడు నాలుగు. షీలా మిస్ నోటు పుస్తకాలు దిద్దుకుంటున్నారు, తల ఎత్తలేదు. సరోజమ్మ గారు లోపలికి వెళ్ళారు.

“ఎవురప్పా అంత బాగా మొరిగింది? ఇంకొకసారి చెయ్యండి, నేనూ వింటా.”

ఎవరూ కదల్లేదు. వెనక బెంచీలోంచి ఒకడు గొణిగాడు. “సుమ్నే, ఊరికే ఆట, మిస్.”

“ఆటా? అయితే ఆ పాప యాల నవ్వలేదు?”

లింథోయి బెంచీలో సగం ఖాళీగా ఉంది. ఆవిడ అక్కడ కూర్చుని తన క్యారియర్ తెప్పించుకున్నారు. “బ్రెడ్డు నీకు ఇష్టమామ్మా?” అని అడిగారు. పిల్ల అడ్డంగా తలూపింది. “అయితే రేపు ఇష్టమైంది తీసుకురా. నేనూ వస్తా.”

ఆ మధ్యాహ్నం ఇబెంచా గారు టీసీ కోసం వచ్చారు. సరోజమ్మ గారు నా ముందే ఆమెతో హిందీలో అన్నారు. “మీరు ఇట్లా రాయమన్నారంట కదా.”

నా అబద్ధం బయటపడిపోతుందనుకున్నాను. ఇబెంచా గారు పుస్తకం తన వైపు తిప్పుకుని ఆ గడి చదివారు. తర్వాత నా వైపు చూశారు. అంతసేపు నన్నెవరూ అలా చూడలేదు.

“అవును. నేనే రాయమన్నాను.”

“పదహైదు దినాలు టైమివ్వమ్మా,” అన్నారు సరోజమ్మ గారు. “అప్పటికీ నీ బిడ్డ ఇక్కడ ఉండలేనంటే, ఈ ఆకు మీదనే సంతకం పెట్టి ఇస్తా.”

ఆమె వెళ్ళాక షీలా మిస్‌ని పిలిపించారు. “పిల్లలు మొరిగితే తప్పు పిల్లలదే. మీరు తల ఎత్తకపోతే అది ఎవురిదమ్మా?” మిస్ ఆ తర్వాత నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

మర్నాడు లింథోయి అన్నంలోకి ఎండుచేపల పచ్చడి తెచ్చుకుంది. ముందు బెంచీ పిల్లవాడు ముక్కు మూసుకున్నాడు. “యాలప్పా ముక్కు పట్టుకుంటావు? మా ఇంట్లో ఎండుచేపల పులుసు పెడితే మూడిండ్ల అవతలోళ్ళు గిన్నె ఎత్తుకొని వస్తారు,” అన్నారు సరోజమ్మ గారు. క్లాసంతా నవ్వింది. లింథోయి కూడా నవ్వింది, మూత చాటున. ఆ వారం నుంచి టీచర్లు వంతులవారీగా ఏదో ఒక క్లాసులో, ఒంటరిగా కూర్చున్న పిల్లల పక్కన తినాలని సర్క్యులర్ వచ్చింది. టైపు చేసింది నేనే. ఆఫీసు వాళ్ళు కూడా అని ఉంది కాబట్టి, సొరుగులో నవల వదిలి నేనూ చిత్రాన్నం డబ్బాతో వెళ్ళాను.

అన్నీ చక్కబడలేదు. వ్యాన్‌లో ఎగతాళి ఇంకొన్నాళ్ళు సాగింది. ఒక పిల్లవాడి తండ్రి వచ్చి, మా వాణ్ణే ఎందుకు నిలబెట్టారని గలాటా చేసి వెళ్ళాడు. కానీ పదో రోజున ఇద్దరు ఆడపిల్లలు వచ్చి ఆ ఖాళీ సగంలో ఇరుక్కుని కూర్చున్నారు.

పదహైదో రోజు ఇబెంచా గారు వచ్చి టీసీ అక్కర్లేదన్నారు. ఆకు మీద ‘క్యాన్సిల్డ్’ అని రాసి, సంతకానికి పక్కన పెట్టాను. గదిలో ఇంకెవరూ లేరు. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అన్నాను. “రోజూ నాకు వినిపించేది. ఆట అనుకున్నాను.”

ఆమె బ్యాగు భుజానికి తగిలించుకున్నారు.

గడులు నిజంతో నింపడం కూడా పనిలో భాగమేనని ఆ టీసీ నాకు నేర్పింది. అది సగం పాఠమే. మిగతా సగం ఆమె తలుపు దగ్గర ఆగి చెప్పారు.

“ఈసారి వినిపిస్తే రాయకండి. లేచి వెళ్ళండి.”